పెన్న నీళ్లు పట్టిన తిప్పయ్య

అరవై మూడో సంవత్సరం మాట. తాడిపత్రి దగ్గర పెన్న ఒడ్డున ఉండే తిప్పయ్యకు ఒక విచిత్రమైన కూలి దొరికింది. ఏరు పారిన ప్రతి రోజూ నీళ్లు సీసాల్లో పట్టి, కుళ్లకుండా రెండు చుక్కల మందు వేసి, తేదీ చీటీ అంటించి దాచాలి. పనిలో పెట్టిన అచ్యుతరామయ్య కోస్తా మనిషి, సముద్రపు బురద మీద పరిశోధన చేసేవాడు. పెన్న సముద్రంలో కలిసేచోట అడుగున నల్లటి బురద ఉందనీ, అందులో కలిసిన కుళ్లంతా సముద్రంలోనే పుట్టి చచ్చిన జీవాలదా, ఏటి వెంట ఇక్కణ్నుంచి కొట్టుకుపోయినదా తేల్చాలనీ చెప్పాడు.

"ఈడ నీళ్లే లేవు సామీ, ఇంగ కొట్టకపోయేదేముండాది?" అని నవ్వాడు తిప్పయ్య.

నిజమే. ఆ ఏడు ఏరు పట్టుమని పది రోజులు పారలేదు. తిప్పయ్య భార్య బయమ్మ ఏటి ఇసుకలోనే చెలమ తోడి, ఊరిన నీళ్లు చిప్పతో కడవకెత్తి తెచ్చేది.

మరుసటి ఏడు ఒక మధ్యాహ్నం, ఊళ్లో చినుకైనా పడకుండానే ఎగువ నుంచి ఏట్లోకి ఒక్కసారిగా నీళ్లు దిగాయి. ఎర్రటి నురగ చూసి తిప్పయ్యకు ప్రాణం లేచొచ్చింది. సీసాలు పట్టుకుని పరిగెత్తాడు. మూడో సీసా ముంచుతుండగా గట్టు మీద నుంచి పొరుగింటి గంగక్క కేక వేసింది.

"తిప్పయ్యా! బయమ్మ చెలమకాడికి పోయిండె కదప్పా! ఇంటికొచ్చిందా?"

రాలేదు. ఎనిమిది రోజులు ఒడ్డు వెంట వెతికారు. కడవ కూడా దొరకలేదు.

చలికాలంలో అచ్యుతరామయ్య వచ్చాడు. సంగతి విని, సీసాలు అడక్కుండానే లేవబోయాడు. తిప్పయ్యే సీసాలు తెచ్చి ముందు పెట్టాడు.

"ఈటినేం చేస్తారు సామీ?"

"వడగట్టి, మిగిలిన మట్టిని ఆరబెట్టి కాలుస్తామయ్యా. ఆకైనా పేడైనా, ప్రాణమున్నదాని నుంచి వచ్చిందంతా కాలిపోతుంది. తూకం ఎంత తగ్గిందో చూస్తాం."

తిప్పయ్య ఆ రోజు పట్టిన మూడు సీసాలూ పక్కకు తీశాడు.

"నా పెండ్లానికి మన్నూ లేకపాయ, నిప్పూ లేకపాయ. ఈటిని కాల్చేటప్పుడు బయమ్మా అని ఒక్క తూరి పిలవండి." మూడో సీసా మీది తేదీ చీటీని వేలితో తడిమాడు. "నీళ్లొచ్చినాయని సంతోషపడితి సామీ. అది మునిగిపోతాంటే నేను సంతోషపడితి."

వాటిలో ఆమె జాడ ఉండదని అచ్యుతరామయ్యకు తెలుసు. అయినా, "పిలుస్తాను" అన్నాడు.

నెల తర్వాత కార్డు వచ్చింది. గంగక్క కొడుకు చదివి వినిపించాడు: "ఆ మూడూ మంగళవారం పొద్దున కాల్చాను. నువ్వు చెప్పినట్టే పిలిచాను." తిప్పయ్య తలస్నానం చేసి, ఏటి ఇసుకలో పిడికెడన్నం పెట్టి, చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాడు.

తర్వాత రెండేళ్లు ఏట్లో సీసా నిండేటంత నీళ్లయినా రాలేదు. కూలి ఆగిపోయింది. తిప్పయ్య బండల గనిలో చేరాడు. కొత్తవాళ్లెవరైనా ఇంటామె ఏదని అడిగితే, సముద్రం మొహం చూసి ఎరగని ఆ మనిషి, "సముద్రంలో ఉండాది" అని చెప్పి మళ్లీ సుత్తి అందుకునేవాడు.