ఎనిమిది ఇరుసులు

మూడు రోజులుగా ఇంట్లో ఒకటే జిగురు వాసన. కిరసనాయిలు వాసనా కాదు, రంగు వాసనా కాదు, ముక్కులోకి సూదిలా దిగుతుంది. నా మనవడు అట్టపెట్టె విప్పి, ప్లాస్టిక్ ముక్కలు ఒక్కొక్కటే కోసి అతికించి, పాత యుద్ధంలో జర్మనీవాళ్లు తోలిన పెద్ద ట్యాంకును జానెడు బొమ్మగా కడుతున్నాడు. పెట్టె మీది ఇంగ్లీషు నాకు రాదు. తెలుగు అక్షరాలే యాభై దాటాక నేర్చుకున్నాను. ఆ బొమ్మ మాత్రం నాకు తెలుసు. అదే ట్యాంకును పలకరాయితో కట్టిన మనిషికి తుమ్మజిగురు కాచి ఇచ్చింది నేనే.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులు. మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. అమ్మా నేనూ పలకల గనిలో కూలికి పోయేవాళ్లం. ఎండాకాలం పొద్దెక్కక ముందే గొయ్యిలో రాయి సెగలు కక్కేది, నల్లటి దుమ్ము జొన్నసంగటి మీద, మిరపకాయ తొక్కు మీద, మా కంటిరెప్పల మీద పడేది, ఇక మా ఆటంటే పలక పెంకులు విసురుకుని ఎవరికి ముందు నెత్తురొస్తుందో చూడటమే.

మా నాయన తమ్ముడు యేసోబు పట్టాళానికి పోయి, ఒక చెవి పోగొట్టుకుని వచ్చాడు. క్రిస్మస్‌కు పిల్లలు టపాకాయ పేలిస్తే చేతిలో అరిసె నలిపేసుకుని మంచం కిందికి దూరేవాడు, బయటికొచ్చాక పేల్చినవాణ్ణి పట్టుకుని చావబాదేవాడు. ఇటలీలో వాన పడుతున్న రోజు ఆయనా, పక్క ఊరు హనుమంతునిపాడు నుంచి పట్టాళానికొచ్చిన సుబ్బయ్యా పక్కపక్క గుంతల్లో పడుకుని ఉంటే, ఆ ట్యాంకు సుబ్బయ్య గుంత మీదికెక్కి, అక్కడే గిర్రున తిరిగి, మనిషిని మట్టిలో కలిపి రుబ్బిపోయిందట. మూరెడు దూరంలో ఉన్న చిన్నాయన చేయగలిగింది ఇరుసులు లెక్కపెట్టడమే. తనకు కనిపించిన పక్క ఎనిమిది. చక్రాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయని చెబితే గనిలో అందరూ నవ్వారు. ఆయన పనికిరాని పెంకులు ఏరుకొచ్చి, వేలి కణుపులతో కొలిచి, ఇసుకతో రుద్ది, ఎండాకాలమంతా ఆ ట్యాంకు కట్టాడు.

"సుబ్బయ్య ఎట్ల చచ్చినాడో ఒక్కరన్నా నమ్మాల గదమ్మా," అన్నాడు నాతో.

నేను నమ్మాను.

సంగటి తినే వేళ దాన్ని తెచ్చి గని గట్టున పెట్టాడు. మేస్త్రి వంగి చూశాడు. మా అమ్మకు పని ఇచ్చేది ఆయనే.

"ఏంది యేసోబూ, చక్రం మీద చక్రమా? నడుమ మట్టి ఇరుక్కుంటే బండి కదుల్తదా?"

"ఇరుక్కుంటది. చూసినా. ఇరుక్కునేది మట్టొకటే కాదు."

"నువ్వు పట్టాళంలో గరిటె తిప్పినోడివంట గదా. పులుసులో చూసినావేమో ట్యాంకు." అందరూ నవ్వారు. మేస్త్రి నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పుమే, మీ చిన్నాయన చెప్పేది నిజమా?"

అమ్మ తల వంచుకుని రాయి చీలుస్తోంది.

"అంతా అబద్ధమే మేస్త్రీ," అని నేనూ నవ్వాను.

మేస్త్రి సుత్తి ఎత్తి దాని మీద వేశాడు. పలక పెంకులు కత్తుల్లా లేచాయి, ఒకటి నా అరచేతిని కోసింది. చిన్నాయన చేతికందిన చక్రం ముక్క తీసుకుని మేస్త్రి చెంపను చెవి నుంచి దవడ దాకా చీల్చాడు. పళ్లు బయటికి కనపడ్డాయి. తర్వాత పదిమంది కలిసి పార కాడలతో చిన్నాయనను కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు రాయి విరిగిన చప్పుడులాగే ఉంటుందని ఆ రోజే తెలిసింది. నెత్తురు కక్కుతూ నాలుగు నెలలు మంచంలో ఉన్నాడు. ప్రాణం పోయేదాకా, నేను నీళ్లు తీసుకుపోతే గోడవైపు తిరిగేవాడు. ఆ ఏడు క్రిస్మస్‌కు అరిసెలు వండలేదు.

ఆ గొయ్యి ఇప్పుడు నీళ్లు నిండి, చుట్టూ కంపచెట్లు మొలిచి ఉంది. మేస్త్రీ లేడు, అమ్మా లేదు. పిల్లల చేతుల్లో పలకలూ లేవు.

నిన్న మనవడు చక్రాలు బిగిస్తున్నాడు. చూశాను. ఒకదాని మీదికి ఒకటి, చేప పొలుసుల్లా.

"ఒక్కో పక్క ఎనిమిది ఇరుసులు," అన్నాను.

వాడు లెక్కపెట్టుకున్నాడు. "నీకెవరు చెప్పినారవ్వా?"

"మా చిన్నాయన చెప్పినాడు," అన్నాను. "అబద్ధమని చెప్పింది నేను."