ముందు నా జేబు

నా చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు మా తాతయ్య క్వార్టర్ ముందుగదిలో మోకాళ్ళ నొప్పుల కోసం చాలా ప్రార్థనలు జరిగేవి. చర్చి అయ్యాక ఆరేడుగురు మగవాళ్ళు వచ్చి చాప మీద కూర్చునేవారు. దాన్ని పురుషుల కూడిక అనేవారు. ఎవరి బలహీనత వాళ్ళు దాచుకోకుండా చెప్పుకోవాలని దాన్ని మొదలుపెట్టింది సంఘ పెద్ద అయిన మా తాతయ్యే. కానీ ప్రార్థన అంశం చెప్పమంటే ఒకరు మోకాలు చెప్పేవారు, ఒకరు ట్రాన్స్‌ఫరు, ఇంకొకరు బిడ్డ పెళ్ళి. ఏళ్ళ తరబడి ఆ గదిలో ఎవరూ ఏ తప్పూ చేయలేదు. వంటగది తెర వెనక హోంవర్కు రాసుకుంటూ నేను అన్నీ వినేదాన్ని.

తాతయ్యకు బొగ్గుబాయి దగ్గర తనిఖీ డ్యూటీ. గని లోపలికి దిగే ప్రతి ఒక్కరి జేబులూ తడిమి బీడీ, అగ్గిపెట్టె లేవని చూడాలి. గ్యాస్ ఉండే చోట ఒక్క అగ్గిపుల్ల చాలు, అందరూ పోతారు. ఆఫీసరైనా చేతులు పైకెత్తాల్సిందే. తాతయ్య మాత్రం షిఫ్టు మొదట్లోనే తన జేబులు తోటివాడికి చూపించి, ఆ తర్వాతే ఇంకొకరి మీద చెయ్యి వేసేవాడు.

ఒక వారమంతా అమ్మమ్మ ఆయనతో మాట్లాడలేదు. కంచం ముందుపెట్టి వెళ్ళిపోయేది. ఎందుకో నాకు తెలియదు. ఆ ఆదివారం తాతయ్య తన ఫోను తీసి చాప మధ్యలో పెట్టాడు.

"బాయిల దిగేటప్పుడు జేబులు చూపెడ్తం. ఈడ మాత్రం ఎవ్వలం చూపెడ్తలేం. ముందు నా జేబు చూడుండ్రి. గీ ఫోన్ల పాడు వీడియోలు చూస్తున్న. ఒక్కసారి గాదు. ఇంట్ల అబద్ధాలాడిన. పోయిన వారమే మా ఇంటామెకు చెప్పుకున్న. మానుడు నా ఒక్కనితోని అయితలేదు."

కొత్తగా పెళ్ళయిన పక్కింటి అన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. "గీ వయసులనా కాకా?"

"నవ్వు బిడ్డా. నవ్వుడైనంక నీ జేబు చూపెట్టు."

ప్రతిసారీ నాతో పంపే చాయ్‌ని అమ్మమ్మ ఆ రోజు తానే తీసుకెళ్ళి, మొదటి గ్లాసు తాతయ్యకే ఇచ్చింది. నాకు సగమే అర్థమైంది. ఆయన తల దించలేదని మాత్రం తెర సందులోంచి చూశాను.

బుధవారం సంఘ పెద్దలు ఇద్దరు ఇంటికొచ్చారు. ఆడవాళ్ళు, పిల్లలు వినే చోట అలాంటి మాటలేమిటన్నారు. ఆ మాట వెనక్కి తీసుకొని కూడిక ఆపెయ్యాలి, లేదంటే పెద్దరికం వదులుకోవాలన్నారు. తాతయ్య ఎక్కువ ఆలోచించలేదు.

"పెద్దరికం ఇడుస్త. కూడిక ఇడువ."

తర్వాతి ఆదివారం చర్చిలో ఆయన కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. తాతయ్య అందరి వెనక, చాప మీద నిటారుగా కూర్చున్నాడు. మధ్యాహ్నం ఇంట్లో ఎప్పటిలాగే చాప పరిచాడు. ఒక్కరే వచ్చారు, పక్కింటి అన్న. ఈసారి నవ్వలేదు. కూర్చుని, తన ఫోను తీసి తాతయ్య ఫోను పక్కన పెట్టాడు. అమ్మమ్మ నన్ను బయట ఆడుకోమని పంపింది కాబట్టి ఆ తర్వాతి మాటలు నాకు తెలియవు. ఏడాది తిరిగేసరికి చాప చాలక ఇంకొకటి కొన్నారు. పెద్దరికం ఎవరూ తిరిగి ఇవ్వలేదు, ఆయనా అడగలేదు.

ఇలాంటివి ఆడపిల్ల రాయకూడదంటుంది మా అమ్మ. నేను నలుగురిలో నోరు విప్పని దాన్ని, డైరీలో తప్ప. అయినా మొన్న పెళ్ళిచూపుల్లో, అబ్బాయి తమ సంఘంలో పురుషుల కూడికకు వెళ్తానని చెప్పగానే, నాకు తెలియకుండానే అడిగేశాను: "అక్కడ నిజం చెప్పుకుంటారా, మోకాళ్ళ నొప్పులేనా? ముందు నా సంగతి నేను చెప్తాను. తర్వాత మీది చెప్పండి." అతను వాళ్ళ నాన్న వైపు చూశాడు.

ఆ సంబంధం కుదరలేదు. అమ్మకు ఇంకా కోపం పోలేదు. వచ్చే సంబంధంలోనూ నేను ఇదే అడుగుతాను, ముందు నా జేబు చూపించి.