పొద్దుటి ఫోటో

మా వంటింట్లో ఏలకులు ఇప్పటికీ ఫిలిం డబ్బాలోనే ఉంటాయి. నల్లటి ప్లాస్టిక్ డబ్బా, బూడిదరంగు మూత, వేలెడంత. మూత తీస్తే ముందు ఏలకుల వాసన వస్తుంది, దాని వెనకాలే మా కాక వాసన వస్తుంది: ఫోటోలు కడిగే మందునీళ్లు, ఇరానీ చాయ్, తోలు కెమెరా సంచి, మూడూ కలిసిన వాసన. ఎన్నేళ్లుగా కడుగుతున్నా పోలేదు. మా ఆయన ముక్కు పెట్టి చూసి ఏలకుల వాసన తప్ప ఏమీ లేదంటాడు. ఆయనది చిన్న ముక్కు.

కాక అంటే మా నాన్న తమ్ముడు. అశోక్‌నగర్‌లో మాతోనే ఉండేవాడు. వారంలో ఆరు రోజులు ఆఫీసు గుమాస్తా, ఆదివారం మాత్రం వెలుతురు వేటగాడు. నెలకు ఒక్క రోలు, ముప్పై ఆరు ఫోటోలు, అంతే. ఎండాకాలం పొద్దున్నే చిక్కడపల్లి మార్కెట్లో, నీళ్లు చల్లిన కొత్తిమీర కట్టల మీద గోనెపట్టా చిరుగుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా రాలుతుంటే చూస్తూ నిలబడేవాడు. వానాకాలం నారాయణగూడ చౌరస్తాలో, గుంటలోని నీళ్లలో డబుల్ డెక్కర్ బస్సు తలకిందులుగా కనపడే క్షణం కోసం చెప్పులు చేత పట్టుకుని కాచుకునేవాడు. చలికాలం ఇరానీ హోటల్లో, చాయ్ ఆవిరి మీద కిటికీ వెలుతురు సరిగ్గా పడేదాకా పదకొండు చాయ్‌లు తాగేవాడు. నిజానికి తాగినవి మూడే. మిగతా ఎనిమిదీ బడిలో నేను కలిపినవి.

అప్పుడు నాకు పదేళ్లు. కాక దగ్గర నాకో ఉద్యోగం ఉండేది. కొత్త రోలు వేసి కుడివైపు మీట లాగినప్పుడు, కెమెరా ఎడమవైపు పైనున్న చిన్న గుండీ కూడా తనంతట తాను తిరగాలి. తిరిగితే లోపల రీలు కదులుతున్నట్టు. తిరగకపోతే ఎన్నిసార్లు నొక్కినా గాలికి ఫోటో తీసినట్టే. కాక కన్ను కెమెరాకు అతుక్కుని ఉంటుంది కాబట్టి ఆ గుండీని చూసి చెప్పడం నా పని.

మా పైవాటాలో కాకినాడ నుంచి వచ్చిన పిన్నిగారు అద్దెకుండేవారు. వేసవి వచ్చిందంటే డాబా అంతా ఆవిడ గుమ్మడి వడియాలు, ఊరమిరపకాయలు, తడి వాయిల్ చీరలు. వడియాలకు కాపలా నేనే, దొంగా నేనే. ఒక వేసవిలో వాళ్లాయనకు విశాఖపట్నం బదిలీ అయింది. సోమవారం రైలు. ఆ ముందు శనివారం సాయంత్రం ఆవిడ మా గుమ్మంలో కూర్చుని తన బాధ చెప్పుకున్నారు.

"పెళ్లిలో ఒకటి, సీమంతంలో ఒకటి, మా చంటిదాని అన్నప్రాసనలో ఒకటి. ఉన్నవి మూడు ఫోటోలయ్యా. మూడింట్లోనూ కళ్లు మూసుకునే ఉన్నాను. చూసినవాళ్లు నన్ను గుడ్డిదాన్ననుకుంటారు."

"ఆ ఫ్లాషు కొడితే ఎవరైన మూస్తరు వదినా," అన్నాడు కాక. "రేపు పొద్దుగాల డాబా మీదికి రాండ్రి. ఉత్త ఎండల తీస్త."

ఆదివారం ఏడింటికి తడి చీరల్లోంచి వడకట్టినట్టు ఎండ దిగుతుంటే, పిన్నిగారు కనకాంబరాలు పెట్టుకుని వచ్చి నిలబడ్డారు. కాక కొత్త రోలు వేసి మీట లాగాడు. నేనేమో పిట్టగోడ దగ్గర పక్కింటి పిల్లలకు, ఈ కెమెరాలోంచి చూస్తే గోల్కొండ కోట మీద వాలిన పిట్ట ముక్కు కూడా కనపడుతుందని చెబుతున్నాను.

"తిరుగుతున్నదా?" అన్నాడు కాక.

"తిరుగుతున్నది కాకా!" అన్నాను, వెనక్కి చూడకుండానే.

పిన్నిగారిని మూడు ఫోటోలు తీశాడు. తర్వాత రోజంతా తిరిగాం. మార్కెట్లో పదిహేను, నారాయణగూడలో పద్దెనిమిది. సాయంత్రం తిరిగొస్తూ మా వీధి మొదట్లో చూస్తే కెమెరా మీది ఫోటోల అంకె ముప్పై ఆరు దాటింది. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది. మన రోలు పిల్లలు పెడుతున్నదని నేను గంతులేశాను. ముప్పై తొమ్మిదో దానికి కాక ఆగిపోయాడు. మీట మెల్లగా లాగి, ఎడమవైపు గుండీని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

ఇంటికొచ్చి కెమెరా తెరిస్తే, రీలు పళ్లచక్రానికి తగులుకోనే లేదు. రోలు మొత్తం క్షేమంగా దాని గూట్లోనే ఉంది. పోయింది వెలుతురే.

మళ్లీ రోలు ఎక్కించి కాక మెట్ల దగ్గర నిలబడ్డాడు. "పో. నువ్వే చెప్పు. నిజం చెప్పు."

పైన గది ఖాళీ. సామానంతా లారీ ఎక్కించేశారు. పిన్నిగారు జుట్టు చెదిరి, కొంగు బొడ్లో దోపుకుని, ట్రంకుపెట్టె మీద కూర్చుని స్టీలు గ్లాసులో టీ తాగుతున్నారు. పడమటి కిటికీలోంచి ఎండ ఊచలు ఊచలుగా ఆవిడ మీద పడుతోంది. నా నోరు తెరుచుకుంది, దాన్లోంచి నిజం మాత్రం రాలేదు.

"పొద్దుగాలది మస్తు మంచిగొచ్చింది పిన్నిగారూ. దానికి జోడీ ఒకటి సాయంత్రం ఎండల గావాల్నట."

నా వెనకే వచ్చిన కాక గుమ్మంలోనే ఉన్నాడు. దగ్గరికొచ్చి నా చూపుడువేలు పట్టుకుని ఆ గుండీ మీద పెట్టాడు. మీట లాగాడు. వేలి కింద గుండీ చిన్నగా కదిలింది.

"ఇలా ఉన్నానేమిటయ్యా, దువ్వుకోనైనా లేదు," అంటూ ఆవిడ తలెత్తారు. కాక నొక్కాడు.

నెల తర్వాత విశాఖపట్నం నుంచి ఉత్తరం వచ్చింది: కళ్లు తెరిచే ఉన్నాయట, ఆయన ఫ్రేము కట్టించారట. చివర నాకు ఒక వాక్యం: 'ఏమే, పొద్దుటి ఫోటో ఏదీ?'

అప్పట్నుంచి ఏటా ఉగాదికి అదే ప్రశ్న, మొదట ఉత్తరంలో, తర్వాత ఫోన్లో. ఒక ఏడు ఎలుక కొరికిందన్నాను. ఒక ఏడు, ముషీరాబాద్ స్టూడియో అతను ఆ ఫోటో చూసి మనసు పారేసుకుని ఇవ్వనన్నాడన్నాను. ఒక ఏడు ఢిల్లీలో ప్రదర్శనకు వెళ్లిందన్నాను. అది రెండేళ్లు తిరిగి రాలేదు.

ఈ ఉగాదికి ఎందుకో కొత్త సాకు దొరకలేదు. కాక పోయి నాలుగేళ్లయింది. ఆ డాబా లేదు. అయిదంతస్తులు లేచాయి, చీరలు బాల్కనీల్లో ఆరుతున్నాయి, ఏడింటి ఎండ ఆరో ఇంటి గోడ దాకా వచ్చి ఆగిపోతోంది. డబుల్ డెక్కరూ లేదు, అది తలకిందులయ్యే గుంట మాత్రం ఉంది. ఫోన్లో ఫోటో తీసిన ప్రతిసారీ నా చూపుడువేలు ఎడమవైపు ఏదో వెతుక్కుంటుంది. అన్నీ తలచుకుని, పిన్నిగారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

అవతల నుంచి ముందు నవ్వు.

"మర్నాడు స్టేషన్లో కూజాలో నీళ్లు పట్టి ఇస్తూ మీ కాక అప్పుడే చెప్పేశాడే. పిల్లను ఏమీ అనకండన్నాడు. ఏ ఏడు ఏం కథ అల్లుతావోనని అడుగుతున్నాను గానీ, నాకు తెలియకనా? ఇప్పుడు నిజం చెప్పేశావు. వచ్చే ఉగాదికి నాకేం మిగిలిందే?"

చేతిలో ఏలకుల డబ్బా ఉంది. మూత తీశాను, వాసన చూశాను.

"పిన్నిగారూ, ఇప్పుడు చెప్పిందే అబద్ధం," అన్నాను. "మొన్న ఏలకుల కోసం డబ్బా తీస్తే, అడుగున చుట్ట చుట్టుకుని ఏముందో తెలుసా..."

"ఆగు ఆగు," అన్నారావిడ. "కుర్చీ లాక్కోనీ."