మారని వడ్డీ మీద నా పట్టుదల

మాకు పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆయనా నేనూ గట్టిగా పోట్లాడుకున్నది బంధువుల గురించి కాదు, వంట గురించీ కాదు. బ్యాంకు వడ్డీ గురించి. ఆయనకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది, నాకు కోపం వస్తే గిన్నెలు మోగుతాయి. మా వంటింటి కిటికీ ఖాళీ స్థలం వైపు ఉంది కాబట్టి వీధిలో పరువు నిలబడింది.

ఏలూరులో మేం ఇల్లు కట్టుకోవడానికి బ్యాంకులో అప్పు తీసుకున్నప్పుడు, ఫిక్సెడ్ వడ్డీయే కావాలని పట్టుబట్టింది నేను. అంటే బయట వడ్డీలు పెరిగినా తరిగినా మా వడ్డీ కదలదు. అందుకు మామూలు కంటే కొంచెం ఎక్కువ కట్టుకోవాలి. ఫ్లోటింగ్ అయితే మొదట్లో తక్కువే గానీ, బయట మారినప్పుడల్లా మనదీ మారుతుంది. ఆయన ఫ్లోటింగ్ అన్నారు. నేను సంతకం పెట్టనన్నాను. ఇద్దరి జీతాల మీదా ఇచ్చే అప్పు కనుక నా సంతకం లేకుండా పని జరగదు. అలా గెలిచాను.

గెలిచిన సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. వడ్డీలు తగ్గడం మొదలైంది. మా ఆయన పేపరు మనసులోనే చదువుకునే మనిషి. వడ్డీ తగ్గిందన్న వార్త వచ్చిన రోజు మాత్రం, కాఫీ కలుపుతున్న నాకు వినపడేలా, వార్త చదివే అమ్మాయిలాగా చదివేవారు. నేను పంచదార కొంచెం తగ్గించి ఇచ్చేదాన్ని.

నేను పనిచేసే స్కూలు తాడేపల్లిగూడెంలో. రోజూ రైల్లో వెళ్ళి వస్తాను. అక్కడ మా స్టాఫ్ రూములో ఇళ్ళ అప్పులున్న వాళ్ళందరూ ఫ్లోటింగే. తగ్గినప్పుడల్లా ఒకరికొకరు చెప్పుకుని మురిసిపోయేవారు. లెక్కల టీచరుగారు ఓ రోజు నన్ను పట్టుకున్నారు.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు మీరొక్కరే ఏంటండీ? మొన్న ఉల్లిపాయల ధర తగ్గిందని మార్కెట్ నుంచి బస్తాడు మోసుకెళ్ళారు. వడ్డీ తగ్గితే మాత్రం వద్దంటారా?"

"ఉల్లిపాయలు కుళ్ళిపోతే పారేస్తానండి. అప్పు పారేయలేను కదా," అన్నాను. నవ్వేశారు. రైల్లో భీమడోలు దాటేదాకా ఆవిడ మాటే నెమరువేసుకుంటూ కూర్చున్నాను. ఆవిడ చెప్పింది సబబే. అదే నాకు కోపం తెప్పించింది.

ఇంతలో బ్యాంకు నుంచి మా ఆయనకి ఫోను వచ్చింది. కొద్దిపాటి ఫీజు కడితే మా అప్పును ఫ్లోటింగ్‌లోకి మార్చుకోవచ్చట. ఆయన ఆఫీసు నుంచి వస్తూనే చెప్పారు.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట," అన్నాను. "ఇవాళ తగ్గుతున్నది రేపు పెరగదని మీరు రాసిస్తారాండీ?"

"రాసివ్వడానికి నేనేమన్నా బ్యాంకునా?" అన్నారాయన. గొంతు బాగా తగ్గిపోయింది. "నీకు అసలు దేనికి భయం?" అని అడిగారు.

గిన్నెలు కడుక్కోవడం మొదలుపెట్టాను. దేనికి భయమో నాకు తెలుసు. ఆయనకి చెబితే అర్థం కాదనుకున్నాను. ఆయన తండ్రి బడిపంతులుగారు. ఆ ఇంట్లో ఒకటో తారీకు జీతం వచ్చేది, రెండో తారీకు సరుకులొచ్చేవి. వచ్చే నెల ఎలా ఉంటుందో అని ఆ ఇంట్లో ఎవరూ ఆలోచించి ఉండరు.

మా నాన్న మండవల్లి దగ్గర చెరువులు కౌలుకి తీసుకుని చేపలు పెంచుతారు. శీలావతి, బొచ్చె. చేపలు పట్టించే రోజులు దగ్గర పడితే సాయంత్రం ఫోను మోగేది. కొనే వ్యాపారి ఆ రోజు ధర చెప్పేవాడు. ఆ ధరను బట్టే మా ఇంట్లో వచ్చే నెలలు నడిచేవి. బాగుంటే అమ్మ చేతికి గాజులు వచ్చేవి, బాగోలేకపోతే అవే గాజులు తాకట్టు కొట్టుకి వెళ్ళేవి. పెద్దయ్యాక నా ఇంట్లో నెలనెలా వెళ్ళేది ఇంత అని ముందే తెలియాలి, అంతే అనుకున్నాను. వడ్డీ ఎక్కువైతే ఎక్కువవనీ, మనశ్శాంతి ఊరికే రాదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకునేదాన్ని.

రెండు ఆదివారాలు గడిచాక, చర్చిలో ఆరాధన అయిపోయిన తర్వాత, కొల్లేటి మీదుగా మండవల్లి బయల్దేరాం. మా ఆయన హుషారుగా ఉన్నారు. జీవితమంతా ధరలతో ఆడుకున్న మామగారు తన వైపే మాట్లాడతారని ఆయన ధీమా. నాకూ అలాగే అనిపించింది. బండి మీద వెనక కూర్చుని ఓడిపోవడానికి సిద్ధపడుతున్నాను.

నాన్న చెరువు గట్టు మీద రేకుల షెడ్డులో ఉన్నారు. ఆ వయసులోనూ రోజూ పొద్దున్నే స్కూటరు మీద వచ్చి మేత వేయించకపోతే ఆయనకి తోచదు. నీళ్ళలో కర్రలకి తవుడు సంచులు కడుతూ పడవ తిరుగుతోంది. మా ఆయన విషయమంతా చెప్పి, "ఇప్పుడు మీరే చెప్పండి మావయ్యగారూ," అన్నారు.

"బ్యాంకు సంగతులు నాకేం తెలుస్తాయండీ అల్లుడుగారూ," అన్నారు నాన్న. "అమ్మాయికి ఎందుకు ఇష్టం లేదో అడిగారా?"

"అడిగానండి. చెప్పదు."

ఇద్దరూ నా వైపు చూశారు. అక్కడ కడుక్కోవడానికి గిన్నెలు లేవు.

"చిన్నప్పుడు సాయంత్రం ఫోను మోగితే నాకు భయం వేసేది నాన్నా," అన్నాను. "వచ్చే నెల మనకి ఎలా ఉంటుందో ఎవరికీ తెలిసేది కాదు. నా ఇంట్లో అలా ఉండకూడదు. అంతే."

నాన్న కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "నీకెలా తెలిసేది? ఫోను పెట్టేసి నవ్వుకుంటూనే వచ్చేవాణ్ణి కదా. మీ అమ్మకి కూడా రాత్రి మీరు పడుకున్నాకే చెప్పేవాణ్ణి."

"మీరు కైకలూరు నుంచి జిలేబీ పొట్లం తెచ్చేవారు కదా. ధర పడిన మర్నాడే తెచ్చేవారు. బాగున్న రోజుల్లో మీకు ఇల్లే గుర్తుండేది కాదు, చెరువు దగ్గరే ఉండిపోయేవారు. పొట్లం చూస్తే అన్నయ్యకీ నాకూ తెలిసిపోయేది."

మా ఆయన నవ్వబోయి ఆగిపోయారు.

"మీరు సంతోషపడతారని తెచ్చేవాణ్ణమ్మా," అన్నారు నాన్న.

"తినేవాళ్ళం నాన్నా. బాగుండేవి."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. ఎండకో, ఇంకెందుకో. "ఇన్నాళ్ళూ బాగా దాచాననుకున్నానే," అని తనలో తను నవ్వుకున్నారు. తర్వాత మా ఆయనతో, "దాని ఇష్టప్రకారం ఉంచెయ్యండి బాబూ. కాస్త ఎక్కువైనా పర్లేదు," అన్నారు.

సాయంత్రానికి ఏలూరు చేరాం. ఇంటి ముందు బండి ఆపి మా ఆయన, "ఉంచేద్దాంలే, ఫిక్సెడ్డే," అన్నారు. ఎప్పుడూ లేనంత మెత్తగా అన్నారు. ఇలా చెప్పడానికి ఇన్నేళ్ళు ఎందుకు ఆగానా అనిపించింది. ఆ రాత్రి మంచి నిద్ర పట్టింది. పొద్దున్న లేచేసరికి, వింతగా, ఆ ఫిక్సెడ్ మీద నాకు ముందున్నంత మోజు లేదు. నోటితో చెప్పేశాక ఆ భయం కాస్త చిన్నదైపోయింది.

ఆ వారంలో స్కూలుకి సెలవు పెట్టి, ఆయనతో చెప్పకుండా బ్యాంకుకి వెళ్ళాను. అప్పుల కౌంటర్లో ఉన్న అమ్మాయిని ఒకటే అడిగాను. ఫ్లోటింగ్‌లోకి మారితే నెలనెలా కట్టేది మారిపోతుందా అని.

"మారక్కర్లేదండి. వాయిదా ఇప్పుడు కడుతున్నంతే ఉంచుకోవచ్చు. వడ్డీ తగ్గితే అప్పు ముందు తీరిపోతుంది, పెరిగితే ఇంకొంత కాలం సాగుతుంది," అంది. "మరీ బాగా పెరిగిపోతే మాత్రం వాయిదా పెంచమంటామండి. అది కూడా ముందే చెబుతాం."

అదే ప్రశ్నను తిప్పి తిప్పి అడిగాను. ఆ అమ్మాయి విసుక్కోకుండా తిప్పి తిప్పి అదే జవాబు చెప్పింది. నాకు కావలసింది కదలని వడ్డీ కాదని, కదలని వాయిదా అని ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది. ఇన్నాళ్ళూ ఈ మాట బ్యాంకులో అడగకుండా వంటింట్లో పోట్లాడాను.

సాయంత్రం మా ఆయన ముందు కాగితాలు పెట్టి సంతకం చేయమన్నాను. ఆయన నా వైపు అనుమానంగా చూశారు.

"నేనేం అనలేదే," అన్నారు.

"అందుకే," అన్నాను.

ఇప్పుడు వడ్డీ తగ్గిన వార్త పేపర్లో వస్తే నేనే ముందు చూస్తాను. వాయిదా ప్రతి నెలా అంతే వెళ్తోంది, అప్పు తీరే రోజు మాత్రం కొంచెం కొంచెం దగ్గరికి జరుగుతోంది. స్టాఫ్ రూములో లెక్కల టీచరుగారికి ఈ ఏర్పాటు తెలియదట. ఆవిడకి నేను వివరించి చెప్పిన పూట నాకు కలిగిన ఆనందం గురించి రాయకపోవడమే మర్యాద.

మొన్న నాన్న చేపలు పట్టించారు. సాయంత్రం నేను చపాతీలు చేస్తుంటే ఫోను చేశారు. పిల్లల చదువులు అడిగారు, అల్లుడుగారి నడుం నొప్పి అడిగారు. నేను సరేనని పెట్టేయబోతుంటే ఆపారు.

"ఈసారి ధర బాగా పడిపోయిందమ్మా," అన్నారు. "నువ్వు అడగకపోయినా చెబుతున్నాను."

స్టవ్ ఆపేసి కూర్చున్నాను. కిలో ఎంతకి పోయింది, కౌలు డబ్బు ఎలా సర్దుతున్నారు, అన్నయ్య ఏమంటున్నాడు అన్నీ అడిగాను. ఆయన అన్నీ చెప్పారు, దాచకుండా, నింపాదిగా. నాకు భయం వేయలేదు. మా నాన్న ఆ మాట నాతో తన నోటితో చెప్పడం అదే మొదటిసారి.