బొట్టు పెట్టి మూసిన నోర్లు

నేను చెప్తున్న, రాసేటోళ్లు రాస్తున్నరు. నా మాటను సాపు చెయ్యకుండ్రి అని ముందే చెప్పిన. కోపంల అన్న మాట కోపంలనే ఉండాలె.

మాది కామారెడ్డిల ఒక సన్న గల్లి. ఎల్లారెడ్డి దిక్కు నుంచి పెండ్లయి వచ్చిన నాటి నుంచి గీ గల్లిలనే బీడీలు చుడుతున్న. ఆయన పోయినంక గూడ ఈడనే. మా ఇండ్లల్ల పట్టపగలు గూడ చీకటే. లోపల కూసుంటె చాటల ఆకేదో తంబాకేదో కనవడది. అందుకే గల్లిల ఎండ పడంగనే ఆడోళ్లందరం చాటలు ఒళ్లె పెట్టుకొని గడప ముంగట కూసుంటం. తడి ఆకు కత్తిరిచ్చుడు, చుట్టుడు, దారం కట్టుడు అన్నీ ఆడనే. ఎండ ఎటు జరిగితె అటు జరుగుతం. తొవ్వ పొడుగునా మా చాటలే ఉంటయని ఆటోలోళ్లు గూడ మా గల్లిలకు రారు. గల్లే మా కార్ఖాన.

గల్లి చివర ఒక పాత పెంకుటిల్లు, దానెన్క పెద్ద జాగ ఉండె. వారసులు అమ్ముకున్నరు. కొన్నాయన అపార్ట్‌మెంట్ కడ్తడని తెల్సింది. కట్టుకోనీ, వాని జాగ వాని ఇష్టం అనుకున్నం. తర్వాత ఇంకో మాట బయటవడ్డది. కార్లు పోయే గేటు మా గల్లిలకు పెడ్తడట! అవతల పెద్ద రోడ్డు లేదా అంటె ఉన్నది. అటు దుకాండ్లు కట్టి కిరాయికిచ్చుకుంటడట. వాని కిరాయిల కోసం కార్లన్నీ మా ఒళ్లెకెంచి పోవాల్నా?

అందరం కలిసి మున్సిపాల్టికి పోయి మొత్తుకున్నం. మా ఆడోళ్లు బల్ల గుద్ది అడిగిన్రు. ఆఫీసరు మంచిగనే విన్నడు. వచ్చి చూస్త అన్నడు.

ఆయన రాకముందే బిల్డరు పెండ్లాం వచ్చింది. పట్టుచీర, చేతుల కుంకుమ డబ్బ, ఎన్కనొకామె రైక గుడ్డల సంచి పట్కొని. భూమిపూజకు రమ్మని ఇంటింటికి బొట్టు. మా దిక్కు బొట్టు పెట్టి పిలిస్తె పోకుండ ఉండరాదు. పోయి వాళ్ల బువ్వ తిన్నంక వాళ్ల మొఖం మీద కాదనరాదు. ఇది ఎవ్వలు పెట్టిన చట్టమో తెల్వది గని, సర్కారు చట్టం కంటె గట్టిగ నడుస్తది. గా బిల్డరుకు గది మంచిగ ఎరుకే.

నా గడప కాడికి వచ్చింది. కుంకుమల ఏలు ముంచింది. నా నొసలు జూసింది. ఏలు ఎన్కకు తీస్కున్నది.

"అవ్వా, ఇంట్ల కోడలు గిట్ల లేదా?"

"లేదు. నేనే ఉన్న."

"సరే అవ్వా, మల్ల వస్త," అని పక్కింటికి నడిసింది.

మల్ల రాలే. వస్తదని నేను గూడ అనుకోలే. మొగడు పోయినంక గిసొంటివి శాన జూసిన. జూసిన గని కడుపుల మంట ఆరుతదా?

పక్కింటి పిల్ల మొగడు దుబాయిల ఉంటడు. ఎర్రగ బొట్టు పెట్టించుకొని నా దగ్గరికి వచ్చింది. "పోకుంటె ఏమనుకుంటరు పెద్దమ్మా? పోయి అచ్చింతలేసి వస్తం, గంతేనాయె."

"పో బిడ్డా, పులిహోర తిని రా. రేపు కారు నీ చాట తొక్కినప్పుడు పులిహోర మంచిగుండె అని యాది చేసుకో."

నవ్వుకుంట పోయింది. అందరు పోయిన్రు. ఆనాడు గల్లిల నేనొక్కదాన్నే కూసొని చుట్టిన.

ఆఫీసరు వచ్చిన నాడు బిల్డరు ఫోను తీసి ఫోటోలు చూపెట్టిండు. "సూడుండ్రి సార్, గల్లి అక్కలందరు మా పూజకు సంబురంగ వచ్చిన్రు. గేటుతోని ఎవ్వలకు ఇబ్బంది లేదు. కావాల్నంటె అడుగుండ్రి."

ఆఫీసరు అడిగిండు. ఒక్కతి నోరు తెరిస్తె ఒట్టు! తలకాయలు చాటలల్ల పెట్టిన్రు. బల్ల గుద్దిన చేతులు ఆకు కత్తిరిస్తున్నయి.

నేను లేసిన. ఒళ్లె తంబాకంత కింద పడ్డది.

"సారూ, గా ఫోన్ల నేనున్ననా సూడు."

"లేవు అవ్వా. నువ్వు పోలేదా?"

"నన్ను పిలిస్తె గద. మొగడు సచ్చినదని నా గడప ఇడిసిపెట్టి పోయిన్రు. వాళ్ల బొట్టు నా నొసట లేదు, వాళ్ల బువ్వ నా కడుపుల లేదు. గందుకే నా నోరు నా దగ్గర్నే ఉన్నది. గేటు వద్దు సారూ. మేము పని చేసుకునే జాగ ఇది."

బిల్డరు ఇకిలిచ్చిండు. "అయ్యో అవ్వా, మా ఆడోళ్లు మర్సిపోయినట్టున్నరు. రేపు పెట్టిస్త తియ్యి."

"రేపెందుకు? పిలువు నీ పెండ్లాన్ని. సారు ముంగట గిప్పుడే పెట్టుమను. పెడ్తదా?"

ఫోను జేబుల పెట్టుకున్నడు.

ఆఫీసరు నా దిక్కు చూసి అన్నడు, "ఒక్కరు చెప్తె సాలదు అవ్వా. వద్దనేటోళ్లు సోమారం ఆఫీసుకు వచ్చి ఎవరి నోటితోని వాళ్లు చెప్పాలె. లేకుంటె గేటుకు పర్మిషన్ ఇస్తం."

పొద్దుమీకి ఆడోళ్లు మా ఇంటికొచ్చిన్రు. తీసుకున్న రైక గుడ్డలన్నీ ఒక్క సంచిల ఏసి తెచ్చిన్రు.

"ఇవి వాపస్ ఇస్తె మా నోరు లేస్తది. నువ్వు పట్కపోయి ఇచ్చి రా పెద్దమ్మా."

"నేనెందుకు?"

దుబాయోని పెండ్లామే మెల్లగ అన్నది, "బొట్టు పెట్టి ఇచ్చిన గుడ్డ ముత్తయిదువ ఎన్కకిస్తె కీడంటరు. మా ఆయన గంత దూరం ఉన్నడు. నీకైతె..."

"ఆఁ, చెప్పు. నాకైతె పోయేటోడు లేడు, గంతేనా?"

అప్పుడు వచ్చిన కోపం బిల్డరు మీద గూడ రాలే నాకు.

"పెండ్లికి పోయేటప్పుడు నేను ఎదురైతె ఇంట్లకు మల్లి మంచినీళ్లు తాగి పోతరు. గిప్పుడు మీ కీడు మొయ్యనీకి నేను కావాల్నా? గుడ్డలు మీరు తీస్కున్నరు, మీరే ఇయ్యుండ్రి. సోమారం నేను ముంగట నడుస్త. నా ఎన్క వచ్చేటోళ్లు రాండ్రి. నా మొఖానికి భయపడేటోళ్లు కార్ల కింద కూసొని చుట్టుకోండ్రి."

సంచి గల్లిలకు ఇసిరిన. గుడ్డలు చెదిరిపోయినయి. ఏది ఎవరిదో వాళ్లే కొట్లాడుకుంట ఏరుకున్నరు.

సోమారం బయలెల్లిన. ఎన్కకు తిరిగి చూడలే. చూసి, ఎవ్వలు లేకుంటె నేను గూడ ఎన్కకు మల్లుతనేమో అని. మూల తిరిగినంక చెప్పుల సప్పుడు ఇనవడ్డది. దుబాయోని పెండ్లాం. కొంగు కింద గుడ్డ దాసుకొని వస్తున్నది. దానెన్క ఇంకిద్దరు. మిగిలినోళ్లు రాలే.

ఆఫీసుల బిల్డరు కుర్చీల కూసున్నడు. ఆ పిల్ల గుడ్డ తీసి వాని ముంగట బల్ల మీద పెట్టింది. "అన్నా, మీ ఇంటామెకు ఇయ్యి. గేటు మాత్రం మా గల్లిల పెట్టకు." మిగిలిన ఇద్దరు గూడ పెట్టిన్రు, చెప్పిన్రు. ఆఫీసరు రాసుకున్నడు. ఫైసల ఇంక చెప్పలే. గేటు కాడి పని మాత్రం ఆపిచ్చిండు.

రానోళ్లు ఇప్పుడు "మనం గట్టిగ అడిగితెనే ఆగింది" అని చెప్పుకుంటున్నరు. మనమట! వాళ్లతోని నేను మాట్లాడుత లేను.

మొన్న ఆ పిల్లను మొగడు ఫోన్ల తిట్టిండు. ముండమోపి ఎన్క నడుస్తవా, నేను సావాల్నా అని. అది నా పక్కన కూసొని చుట్టుకుంటనే, గల్లంత ఇనవడేటట్టు జవాబిచ్చింది.

"నడిసిన. నువ్వు మంచిగనే ఉన్నవు గద, తిడుతున్నవు. ఆఫీసరు మల్ల పిలిస్తె మల్ల నడుస్త."