మామయ్య తాగని నీళ్లు

తొంభైల మొదట్లో గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్‌లో ఉండేవాళ్లం. నల్లా తిప్పితే కుళ్లిన కోడిగుడ్డు కంపు. నీళ్లు కాచి, బొగ్గులు వేసి, బిందెలోంచి బిందెలోకి తిరగబోసి, చివరికి వాసన పోగొట్టానని మురిసిపోయాను.

ఆ ఎండాకాలమే, గనిలో పనిచేసి రిటైరైన మా మామయ్యను చాన్నాళ్లు దవాఖానలో ఉంచుకుని, ఇక లాభం లేదని ఇంటికి పంపారు. దూపైతుందంటే చెంచాతో నీళ్లు పట్టాను. ఉలిక్కిపడి లేచారు.

"గ్యాసొస్తుంది! పోరగాండ్లను జల్ది బయటికి పంపుండ్రి!"

గనిలో కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే విషవాయువని, ప్రాణాలకు ముప్పని అర్థం.

"నల్లా నీళ్లే మామా, ఒక్క గుక్క తాగుండ్రి" అని ఏడ్చాను. పెదవులు బిగించుకున్నారు. అలాగే కన్నుమూశారు.

కబురందుకుని ఊరి నుంచి వచ్చిన ఆడబిడ్డ చెంబు ఎత్తి, మొహం తిప్పుకుంది.

"ఏంది వదినె, నీళ్లు గింత కంపు కొడుతున్నయి?"

కంపు ఎక్కడికీ పోలేదు. మాకే అలవాటైపోయింది. ఆయన దూపతోనే పోయారు.