మార్తమ్మ గారి సిఫారసు ఉత్తరం

మా హాలిఫాక్స్ తెలుగు క్రైస్తవ సహవాసంలో మార్తమ్మ గారు ప్రార్థన ఎత్తుకున్నారంటే అందరికీ హడలే. మోకాళ్లూనితే ముప్పావు గంట. ఇక్కడి ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లు నర్సుగా చేసి రిటైరయ్యారు. అబద్ధం ఆడరు, ఆడనివ్వరు. నా చేపల పులుసులో ఉప్పెక్కువైందని నలుగురిలో అన్నారు. ఆ కోపం నాకింకా ఉంది. ఉప్పెక్కువైన మాటా నిజమే.

ఆమె ఒక్కగానొక్క కూతురు స్పందన, క్లేర్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకుంది. అది పాపమని మార్తమ్మ గారి నమ్మకం. మా పాస్టరు గారిదీ అదే. ఆ బంధం తెంచమని తొమ్మిదేళ్లుగా ప్రతి శనివారం కూడికలో ఆమె దేవుణ్ణి అడుగుతూనే వచ్చారు.

కిందటేడు ఆ ఇద్దరూ ఒక పాపను దత్తత తీసుకోవడానికి అప్లై చేశారు. కుటుంబంలోంచి ఒకరి ఉత్తరం కావాలంది సోషల్ వర్కర్. క్లేర్‌కు నా అన్నవాళ్లు లేరు. మిగిలింది మార్తమ్మ గారే.

"రాయకండమ్మా, రాస్తే ఒప్పుకున్నట్టే" అన్నారు పాస్టరు గారు.

"ఒప్పుకున్నానని రాయనండీ. ఉన్నది రాస్తా" అన్నారామె.

కంటి ఆపరేషనైంది కాబట్టి ఆమె చెబుతుంటే ఇంగ్లీషులో టైపు చేసింది నేను.

"ప్రభువు నామంలో వందనాలు. వీళ్ల పెళ్లి నాకు ఇష్టం లేదు. తొమ్మిదేళ్లుగా దానికి వ్యతిరేకంగా ప్రార్థిస్తున్నాను. ఆ ప్రార్థనకు నన్ను కారులో దింపేది క్లేరే. మోకాలి ఆపరేషనప్పుడు పదిహేడు రోజులు నాకు స్నానం చేయించింది. అప్పుడూ పైకే ప్రార్థించాను. తెలుగు రాకపోయినా తన పేరు వినపడుతుంది కదా. నీళ్లు చల్లారాయేమో చూసి మళ్లీ వేణ్ణీళ్లు పట్టింది. ఆ ఇంట్లో పిల్లకు ఓర్పు కరువుండదు."

"ఇది పంపితే పని చెడుతుందండీ" అన్నాను.

"నిజం చెబితే చెడే పనైతే చెడనీ" అన్నారు. సంతకం ఎక్కడ పెట్టాలో నన్ను వేలితో చూపించమని, పెట్టేశారు.

ఆరు నెలలకు పాప వచ్చింది. పద్నాలుగు నెలలది, పేరు నోరా.

ఇంటికి బిడ్డొస్తే కృతజ్ఞత కూడిక పెట్టి బిర్యానీ వడ్డించడం మా ఆనవాయితీ. మార్తమ్మ గారు నలభై మందికి వండారు. పాస్టరు గారు రానన్నారు. మిగతావాళ్లు ప్రార్థనయ్యాక వస్తామన్నారు. మావాళ్ల మనస్సాక్షి బిర్యానీ దగ్గర కాస్త మెత్తబడుతుంది. ప్రార్థన వేళకు ఆ ఇంట్లోవాళ్లూ నేనూ, అంతే.

ఆమె పాప తలమీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నారు. అలవాటైన నోరు కదా, "ప్రభువా, క్లేర్‌తో ఈ బంధాన్ని..." అంటూ మొదలుపెట్టి ఆగిపోయారు. పాప ఆమె కళ్లజోడు లాగింది.

"తొమ్మిదేళ్లుగా నేనడుగుతున్నది వినొద్దు ప్రభువా. ఇప్పుడు విన్నావంటే ఈ పిల్లకు ఇల్లుండదు."

అంతే ప్రార్థన. నాకు ఏడుపొచ్చింది. ఆమె ఆమెన్ అనకుండానే పాపను ఎత్తుకున్నారు. తెలుగు రాదుగా, ఇదీ ఎప్పటి ప్రార్థనే అనుకుందో ఏమో, క్లేరే ఆమె బదులు ఆమెన్ అంది.